విండోసు విడిచి లినక్సునకు

మన చంద్రపురములోను, బల్లార్పూరు, రాజురా ప్రాంతములలోను ఉన్న తెలుగువారి ఇండ్లలో నేడు కంప్యూటరు అపురూపమైన వస్తువు కాదు. అయితే వానిలో పెక్కు ఎనిమిది, పది సంవత్సరముల క్రిందట కొన్నవి. బొగ్గుగనిలోనో, కాగితపు మిల్లులోనో, విద్యుత్కేంద్రములోనో పని చేయు తండ్రి బోనసు డబ్బు కూడబెట్టి, పిల్లల చదువునకని కొని తెచ్చినవి. ఇట్టి యంత్రములను గూర్చి తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "కంప్యూటరు బాగుగానే ఉన్నదండీ. కాని అందులోని విండోసునకు కాలము చెల్లినదట, క్రొత్తది కొనవలెనట. నిజమేనా?" ఈ మాటలో సగము నిజము కలదు. కొనవలెనను రెండవ సగము మాత్రము నిజము కాదు. ఎందువలన కాదో వివరించుటకే ఈ వ్యాసము.

మైక్రోసాఫ్టు సంస్థవారు 2015 జూలైలో విండోసు 10ని విడుదల చేసిరి. 2025 అక్టోబరు 14వ తేదీతో దానికి సాధారణముగా పంపు రక్షణ సవరణలు నిలిచిపోయినవి. ఆనాటితో కంప్యూటరు ఆగిపోయినదని కాదు. నిన్నటివలెనే నేడును నడచును. కాని ఇట్టి వ్యవస్థలలో లోపములు ఎప్పటికప్పుడు బయటపడుచుండును. వానిని కనిపెట్టిన దుర్మార్గులు ఆ కంతలగుండ లోనికి ప్రవేశింతురు. తయారుచేసినవారు నెలనెల పంపు సవరణలే ఆ కంతలను పూడ్చుచుండును. పూడ్చువారు లేనపుడు అవి పెరుగుటయే గాని తరుగుట యుండదు. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మరియొక సంవత్సరము సవరణలు అందు ఏర్పాటును ఆ సంస్థ చేసినది గాని, అది కొంతకాలపు ఊరట మాత్రమే. బ్యాంకు పనులు, విద్యార్థి వేతనముల దరఖాస్తులు ఒకే యంత్రము మీద జరుపుకొను కుటుంబములకు ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు.

మరి విండోసు 11ని ఎక్కించుకొనరాదా యని అడుగవచ్చును. దానికి టీపీఎం 2.0 అను భద్రతా భాగము, 4 జీబీల ర్యాము, 64 జీబీల నిలువ చోటు, ఆ సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో 2017లో వెలువడిన 8వ తరమునకు పూర్వపువి దాదాపుగా ఏవియు ఆ జాబితాలో లేవు. కావుననే చక్కగా పని చేయుచున్న యంత్రములు కూడ పనికిరానివైనట్లు కనబడుచున్నవి. కొన్ని దుకాణములలో ఈ నిబంధనలను దాటవేసి, దొంగప్రతి నొకదానిని ఎక్కించి ఇచ్చువారును కలరు. ఆ ప్రతిలో విండోసుతో పాటు మరి యేమేమి చేరియున్నవో ఎక్కించినవానికే తెలియదు. అట్టి ఉపాయమును మేము సలహా ఇయ్యజాలము.

ఉన్న యంత్రమునే కాపాడుకొను మార్గము లినక్సు. అమెరికాలో రిచర్డు స్టాల్మన్ అను ప్రోగ్రామరు, ఎవరైనను వాడుకొని, పరిశీలించి, మార్చుకొని, ఇతరులకు పంచిపెట్టదగిన వ్యవస్థ నొకదానిని నిర్మింతునని 1983లో ప్రకటించి, దానికి 'గ్ను' అని పేరు పెట్టెను. దానికి కావలసిన పనిముట్లు చాలవరకు తయారైనను, యంత్రమును నడుపు మూలభాగము మాత్రము సిద్ధము కాలేదు. 1991 ఆగస్టులో ఫిన్లాండు దేశమందు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లినస్ టోర్వాల్డ్స్, తాను సరదాకై అట్టి మూలభాగమును వ్రాయుచున్నానని ప్రకటించెను. ఆ సరదాయే లినక్సు.

బల్లార్షా స్టేషనులో నిలుచుండి బండ్లను చూచిన పిల్లలకు తక్కిన సంగతి సులభముగా బోధపడును. ఇంజను ఒక్క తీరుదే అయినను, వెనుక తగిలించిన పెట్టెలను బట్టి అది సరకుల బండియో ప్రయాణికుల బండియో అగుచున్నది. లినక్సు ఇంజను వంటిది. దానికి తెర, కిటికీలు, ఉత్తరములు వ్రాయు సాధనము, సినిమా చూపు సాధనము మొదలైన పెట్టెలను తగిలించి, ఒక్కొక్క బృందమువారు ఒక్కొక్క పేరుతో లోకమునకు పంపుచున్నారు. వీనిని 'డిస్ట్రో'లందురు. 1993లో డెబియన్, 2004లో ఉబుంటు, 2006లో లినక్సు మింట్ ఇట్లు బయలుదేరినవే. లినక్సు అనగానే ఏదో విద్వాంసుల సొత్తని భయపడు తల్లిదండ్రులకు ఒక మాట. మీ చేతిలోని ఫోను ఆండ్రాయిడు అయినచో, దాని ఇంజను కూడ లినక్సే. తెలియకయే మీరు సంవత్సరములుగా దానిని వాడుచున్నారు.

దీనికి ధర లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. తెలుగులో ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. గుడిలో పెట్టు ప్రసాదము ఉచితము. దానిని వండు విధము నేర్చుకొని మన ఇంట వండి నలుగురికి పెట్టు హక్కు స్వేచ్ఛ. లినక్సు విషయమున ఈ రెండవది కూడ కలదు. ఒక ప్రతిని తెచ్చి, పది ఇండ్లకు పంచినను అది దొంగతనము కాదు. ఆ అనుమతిపత్రమే అందుకు హక్కు నిచ్చుచున్నది. హైదరాబాదులోని తెలుగు యువకులు 'స్వేచ్ఛ' అను పేరుతోనే ఒక సంస్థను నెలకొల్పి, తెర మీది మాటలు తెలుగున కనబడునట్లు ఒక లినక్సు వ్యవస్థను కూర్చిరి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు కంప్యూటరు నేర్చునది లినక్సు మీదనే. భారత ప్రభుత్వపు సీడాక్ సంస్థ 'బాస్' అను పేరుతో ఒకదానిని తయారుచేసినది.

ఇన్నింటిలో దేనిని ఎన్నుకొనవలెను? మా అభిప్రాయము సూటిగా చెప్పుదుము. విండోసునకు అలవాటుపడినవారు లినక్సు మింట్‌తో మొదలు పెట్టుట మేలు. క్రింది అంచున పట్టీ, ఎడమ మూలను మెనూ, కుడి మూలను గడియారము, అన్నియు తెలిసిన చోట్లనే ఉండును. తాత కూర్చుండినను దారి తప్పడు. దాని 22వ శ్రేణి 2024 జూలైలో వెలువడినది. దానికి 2029 వరకు సవరణలు అందును. మింట్‌లోనే మూడు రూపములు కలవు. 4 జీబీల ర్యాముగాని అంతకు మించిగాని ఉన్నచో 'సినమన్' అను రూపమును, అంతకు తక్కువైనచో 'ఎక్స్‌ఎఫ్‌సీఈ' అను తేలిక రూపమును తీసికొనుడు. నడుమనున్న 'మాటే' గూర్చి ఆలోచింప నక్కరలేదు. ఉబుంటు గొప్పదే గాని దాని తెర అమరిక వేరు. మొదటి వారము తికమకగా నుండును. జోరిన్ అనునదియు విండోసును పోలి అందముగా నుండును. ఏది మంచిదని నెలల తరబడి వాదించుకొను యువకులను మేమెరుగుదుము. ఆ కాలములో మూడు మారులు ఎక్కించి తీసివేయవచ్చును. ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. మీ ప్రాసెసరు 32 బిట్లదైనచో మింట్ 22 దానిపై ఎక్కదు. యాంటీఎక్స్ వంటి మిక్కిలి తేలిక వ్యవస్థలను వెదకవలెను.

లినక్సునకు మారరాని వారును కలరు. ట్యాలీతో లెక్కలు వ్రాయు దుకాణదారులు, పేజ్‌మేకరు, ఫోటోషాపు మీద బ్రదుకు వెళ్లదీయు ముద్రాపకులు తమ విండోసును ఉంచుకొనుటయే మంచిది. ఆ సాధనములు లినక్సుకై తయారు కాలేదు. సంతకపు టోకెనుతో ప్రభుత్వ కార్యాలయములకు పత్రములు పంపువారు ముందుగా విచారించుకొనవలెను. వర్డు, ఎక్సెల్ పనులకు బదులుగా లిబ్రాఫీసు ఉన్నది. అది వర్డు ఫైళ్లను తెరచును గాని పట్టికలు, అంచులు ఒక్కొక్కప్పుడు కొంచెము జరుగును. ముద్రణ యంత్రములలో చాలవరకు తమంతట తామే పని చేయును. కొన్ని చౌక లేజరు యంత్రములు మాత్రము మొండికెత్తును. ఇవన్నియు ముందే పరీక్షించి చూచుకొను సౌకర్యము లినక్సులో ఉన్నది. దానిని గూర్చి తరువాత చెప్పుదుము.

తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన ఆపద యొకటి కలదు. అది మా తల మీదికి వచ్చి నేర్చుకొన్నది గనుక కొంచెము విపులముగా వ్రాయుచున్నాము. విద్యార్థులు తమ అవ్వలనడిగి వ్రాసి తెచ్చిన సామెతలను, దంపుళ్ల పాటలను మేమొకప్పుడు విండోసు మీద 'అను' అక్షరములతో టైపు చేయించి ఉంచితిమి. ఫైళ్లను భద్రముగా పెన్ డ్రైవులోనికి ఎక్కించి, డిస్కును తుడిచి, లినక్సును స్థాపించితిమి. తరువాత తెరచి చూడగా తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా కనబడినవి. ఫైలు చెడలేదు. 'అను' వంటి పాత అక్షరమాలలు తెలుగు అక్షరపు ముక్కలను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండబెట్టినవి. ఆ అక్షరమాల ఉన్న యంత్రము మీద మాత్రమే అది తెలుగుగా కనబడును. అది లేనిచోట అర్థము లేని గీతలే. అదృష్టవశమున కాగితపు ప్రతి యుండెను. తిరిగి టైపు చేయుటకు రెండు వారములు పట్టినది. ఆ అవ్వలలో ఇద్దరు అప్పటికే గతించిరి. కాగితము లేకున్నచో ఆ పాటలకు మరి దిక్కు లేకపోయెడిది.

యూనికోడు పద్ధతిలో ఇట్టి చిక్కు లేదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునుండియే తెలుగు లిపికి సొంత స్థానములు కలవు. యూనికోడులో వ్రాసిన తెలుగు విండోసులోను, లినక్సులోను, ఫోనులోను ఒకే విధముగా తెలుగే. కనుక విండోసును విడుచుటకు ముందే మీ పాత 'అను' ఫైళ్లను మార్పిడి సాధనములతో యూనికోడులోనికి మార్చి, ఒత్తులు, గుణింతములు తప్పిపోయినవేమో పంక్తి పంక్తి చదివి దిద్దుకొనుడు. దానితో పాటు ప్రతి ఫైలును పీడీఎఫ్‌గా కూడ దాచుడు. పీడీఎఫ్‌లో అక్షరముల ఆకారములు కూడ లోపలనే ఇమిడియుండును గావున ఎక్కడనైనను చదువవచ్చును. శ్రీలిపిలో, కృతిదేవ్‌లో వ్రాసికొన్న మరాఠీ, హిందీ పత్రములకును ఇదే మాట వర్తించును.

ఇక పనిలోనికి దిగుదము. మొట్టమొదట ఫోటోలు, పత్రములు, పిల్లల ప్రాజెక్టులు అన్నియు వేరొక డిస్కులోనికి ఎక్కించి, ఆ డిస్కును మరియొక యంత్రమునకు తగిలించి నిజముగా తెరచుకొనుచున్నవో లేవో చూడుడు. ఎక్కించితిమని అనుకొనుట వేరు, ఎక్కుట వేరు. బిట్‌లాకరు అను తాళము వేసియున్నచో దాని తాళపు సంఖ్యను కాగితము మీద వ్రాసికొనుడు. యంత్రము వెనుకటి పంకాను కూడ ఒకమారు శుభ్రపరచుడు. మన ఊరి బొగ్గుపొడి, వేసవి ఎండ కలిసి ఎన్ని కంప్యూటర్లను మందగింపజేసినవో చెప్పలేము. చేతిలో కొంత డబ్బున్నచో పాత హార్డు డిస్కును తీసివేసి ఎస్‌ఎస్‌డీని అమర్చుకొనుడు. క్రొత్త కంప్యూటరు ధరలో అది చిన్న భాగమే. వేగములో కలుగు తేడా మాత్రము ఎవరికైనను కనబడును.

తరువాత లినక్సు మింట్ వారి సొంత స్థానమునుండి ఐఎస్‌ఓ ఫైలును దింపుకొనవలెను. అది రమారమి 3 జీబీలుండును; ఫోను డేటాతో దింపువారికి ఒకనాటి కోటా చాలకపోవచ్చును. దింపిన ఫైలునకు 64 అక్షరముల గుర్తుముద్ర యొకటి గణించి, ఆ స్థానములో ప్రకటించిన ముద్రతో పోల్చి చూచుకొనుడు. ఒక్క అక్షరము తేడా యున్నను ఆ ఫైలు మార్గమధ్యమున చెడినదన్నమాట, మరల దింపుకొనవలెను. సరిపోయినచో 8 జీబీల పెన్ డ్రైవును తగిలించి, రూఫస్ గాని ఎచర్ గాని అను సాధనముతో దానిలోనికి వ్రాయవలెను. మామూలుగా కాపీ చేసి అంటించినచో పని చేయదు. పెన్ డ్రైవులో అంతకుముందున్నదంతయు చెరిగిపోవునని మరువరాదు.

కంప్యూటరును ఆపి, పెన్ డ్రైవును తగిలించి, వెలిగించిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ మీటలలో ఒకదానిని నొక్కుచుండవలెను. ఏది పని చేయునో యంత్రమును తయారుచేసినవారిని బట్టి యుండును. కనబడిన జాబితాలో పెన్ డ్రైవును ఎన్నుకొన్నచో, కొంతసేపటికి మింట్ తెర ప్రత్యక్షమగును. ఇప్పటికింకను మీ విండోసు చెక్కుచెదరలేదు. వ్యవస్థ అంతయు పెన్ డ్రైవునుండియే నడచుచున్నది. లినక్సులోని గొప్ప సౌకర్యము ఇదియే. వైఫై కలియుచున్నదా, ధ్వని వినబడుచున్నదా, ముద్రణ యంత్రము పలుకుచున్నదా, తెలుగు సరిగా కనబడుచున్నదా యని రెండు మూడు సాయంత్రములు పరీక్షించి చూడుడు. నచ్చకున్నచో పెన్ డ్రైవును లాగివేసి తిరిగి వెలిగింపుడు. పాత విండోసే వచ్చును. పెన్ డ్రైవునుండి నడచునపుడు కొంచెము నెమ్మదిగా నుండుట సహజము. దానిని చూచి తీర్పు చెప్పరాదు.

నచ్చినదా? తెర మీదనే యున్న 'ఇన్‌స్టాల్' గుర్తును నొక్కుడు. భాష, మీటల అమరిక, సినిమా పాటలకు కావలసిన కోడెకులు కావలెనా అని అడుగును, కావలెననుడు. తరువాత వచ్చు ప్రశ్న వద్ద మాత్రము చేయి వెనుకకు తీసి, నిదానముగా చదువుడు. 'అలాంగ్‌సైడ్' అను మార్గము విండోసును ఉంచి దాని ప్రక్కన లినక్సునకు చోటిచ్చును; వెలిగించినపుడెల్ల ఏది కావలెనని అడుగును. 'ఎరేజ్ డిస్క్' అనునది ఉన్నదంతయు తుడిచివేయును. మొదటిసారి ఎక్కించువారు ప్రక్కప్రక్కన ఉంచుకొనుటయే శ్రేయము. అందుకు ముందుగా విండోసులో 'ఫాస్ట్ స్టార్టప్' అను దానిని ఆపివేయవలెను. లేనిచో విండోసు పూర్తిగా మూతబడక సగము నిద్రలో నుండును, దాని డిస్కును లినక్సు తాకుట ప్రమాదము. రెండు వ్యవస్థలున్న యంత్రములలో ఒక్కొక్కప్పుడు గడియారము అయిదున్నర గంటలు తేడా చూపును. భయపడవలదు. లోపలి గడియారమును ఒకటి భారత కాలముగను, వేరొకటి గ్రీనిచ్ కాలముగను భావించుటయే కారణము.

ప్రదేశముగా కోల్‌కతాను ఎన్నుకొని, పేరు, సంకేతపదము ఇచ్చినచో, అరగంట లోపల పని ముగియును. ల్యాప్‌టాప్ అయినచో ఛార్జరు తగిలించియే ఉంచుడు. బల్లమీది కంప్యూటరైనచో కరెంటు పోవు వేళలను చూచుకొని మొదలిడుడు. సంకేతపదమును మరువకుడు. క్రొత్త సాధనమేది ఎక్కింపవలెనన్నను అది అడుగును. క్రొత్త సాధనములకై ఇంటర్నెట్టంతయు తిరుగ నక్కరలేదు. 'సాఫ్ట్‌వేర్ మేనేజరు' అను అంగడిలోనే వేలకొలది కలవు. 'టైమ్‌షిఫ్ట్' అను దానిని మొదటి రోజుననే తెరచి, వారమునకొక నకలు తీయుమని ఆజ్ఞాపింపుడు. పిల్లవాడు ఏదో నొక్కి వ్యవస్థను చెడగొట్టినను వెనుకటి వారమునకు మరలవచ్చును. అయితే అది వ్యవస్థను మాత్రమే కాచును, మీ ఫోటోలను కాదు.

చివరగా తెలుగు వ్రాత. మింట్ తెర మీది మాటలలో కొన్ని మాత్రమే తెలుగులోనికి అనువదింపబడినవి. తక్కినవి ఆంగ్లముననే యుండును. ఇంటిలో ప్రతివారికి వేరు వేరు ఖాతాలు తెరచి, ఒకరికి తెలుగు, ఒకరికి మరాఠీ, ఒకరికి ఇంగ్లీషు పెట్టుకొనవచ్చును. వ్రాయుటకు మాత్రము లోటేమియు లేదు. 'కీబోర్డు' అమరికలలో 'లేఅవుట్స్' అను చోట తెలుగును చేర్చుకొనుడు. ఇంగ్లీషు అక్షరములతో ఉచ్చారణను బట్టి వ్రాయ గోరువారికి ఆర్‌టీఎస్, పాత 'అను' అలవాటు గలవారికి ఆపిల్ అమరిక కూడ ఐబస్ అను సాధనముతో లభించును.

మన పిల్లలు మాత్రము ఇన్‌స్క్రిప్టునే నేర్చుకొనవలెనని మా కోరిక. దానిని భారత ప్రమాణముల సంస్థ 1991లో ప్రమాణముగా ప్రకటించినది. దానిలో భారతీయ లిపులన్నింటికిని అక్షరముల చోట్లు ఒక్కటే. 'కె' మీట మీద తెలుగున 'క', దేవనాగరిలోను 'క'యే. 'సి' మీద 'మ', 'ఎన్' మీద 'ల'. కె, సి, ఎన్ అను మూడు మీటలను వరుసగా నొక్కినచో తెలుగు అమరికలో 'కమల' అని తెలుగున వచ్చును; దేవనాగరికి మార్చి అవే మీటలను నొక్కినచో అదే మాట మరాఠీ లిపిలో వచ్చును. నడిమి వరుసలో కుడిచేతి క్రింద హెచ్, జె, కె, ఎల్ మీద వరుసగా ప, ర, క, త ఉన్నవి; ఎడమచేతి వైపున అచ్చులు, గుణింతములు. తెలుగునకు గల హ్రస్వమైన ఎ, ఒ లకు వేరు మీటలున్నవి. వానిని మాత్రము విడిగా గుర్తుంచుకొనవలెను. ఇంట తెలుగు, బడి వెలుపల మరాఠీ, బజారులో హిందీ మాటలాడు చంద్రపురపు పిల్లవానికి ఒక్క అభ్యాసముతో మూడు భాషలును వ్రేళ్ల కొసకు వచ్చునన్నమాట. రోజునకు అరగంట చొప్పున సాధన చేయుడు. మొదటి వారములో చిరాకు కలుగుట సహజము.

స్థాపన ముగిసిన పిదప ఆ పెన్ డ్రైవును తుడిచివేయకుడు. యంత్రము ఎన్నడైనను లేవక మొరాయించినచో, దానితోనే తిరిగి వెలిగించి, లోపలి ఫైళ్లను బయటికి తీయవచ్చును. అంతవరకు ప్రక్కింటివారికి ఎరువిచ్చుటకును పనికివచ్చును.